కుండల్లో ఊరిన నలుపు

“సొంత బ్రాండు సామీ! మన సొంత బ్రాండు! నల్ల సరుకు, కుండల్లో ఊర్తాంది! ఇంగ కొన్ని దినాలు ఓపిక పడితే దించుతా!”

ఎస్టీడీ బూత్ అద్దాల గదిలో నిలబడి ఓబులేసు ఇలా అరుస్తున్నాడు. అరవక తప్పదు. అవతల ఆళ్ళగడ్డలో ఫోను పట్టుకున్న దాసరయ్య గురుస్వామి వృత్తిరీత్యా శిల్పి. ఆయన చుట్టూ ఉలులన్నీ ఒకేసారి రాళ్ళతో మాట్లాడుతుంటాయి. ఆ రాళ్ళను దాటి మాట చేరాలంటే గొంతును కూడా రాయిలా విసరాలి. ఓబులేసు విసిరాడు. అది ఆళ్ళగడ్డకు చేరిందో లేదో గానీ, నంద్యాలలోనే, బూత్ బయట వరసలో నిలబడ్డ అత్తగారు ఆదిలక్ష్మమ్మకు మాత్రం సూటిగా తగిలింది.

ఆదిలక్ష్మమ్మకు కుడి చెవి పనిచేయదు. ఎడమ చెవి అవసరానికి మించి పనిచేస్తుంది. డోనులో ఉన్న చిన్నకూతురితో మాట్లాడదామని వచ్చిన ఆవిడకు, తలుపు సందులోంచి “బ్రాండు” కాస్తా “బ్రాందీ”గా వినిపించింది. సొంత బ్రాందీ. నల్ల సరుకు. కుండల్లో ఊరుతోంది. దించుతాడు. మాటలన్నీ ఒకదాని భుజం మీద ఒకటి చెయ్యేసుకుని వచ్చాయి. వాటిని విడదీయడం ఎవరి తరం?

అది తొంభై ఆరో సంవత్సరం. మద్యనిషేధం అమల్లో ఉంది. మద్యం పోయి మధ్యవర్తులు మిగిలిన కాలం. సీసా కావాలంటే కర్ణాటక దాకా వెళ్ళాలి, లేదంటే కర్ణాకర్ణిగా విన్న చోటికి వెళ్ళాలి. అలాంటి రోజుల్లో అల్లుడు పెరట్లోనే బట్టీ పెట్టాడంటే మాటలా? ఆదిలక్ష్మమ్మ డోను ఫోను మానుకుని ఇంటికి ఉరికింది.

“ఒసే సుంకీ, నీ మొగుడు బ్రాందీ కాస్తాండాడే!”

సుంకమ్మ చింతపండు పిసుకుతోంది. “యాడమ్మా?”

“యాడేందే! మన పెరట్లోనే! ఆ మూడు కుండలేందనుకుంటివి?”

సుంకమ్మకు ఆ మూడు కుండలేమిటో బాగా తెలుసు. వాటిలో పోసిన బెల్లం తన చేత్తో చితక్కొట్టిందే. తెలిసిన మనిషి తెలియని మనిషికి చెప్పేలోగా, తెలుసుకోవాలనుకున్న మనుషులు గోడ మీదుగా తలలు పెట్టేశారు. సాయంత్రానికి ఓబులేసు బ్రాందీ వీధికి తెలిసింది. మర్నాటికి ఆళ్ళగడ్డ బస్సు కూడా ఎక్కింది.

ఇంతకీ ఓబులేసు ఎవరంటే, ఇరవై ఏళ్ళు జవుళి దుకాణంలో తెల్లపరుపు మీద కూర్చుని పదిమందిలో గుడ్డలు విప్పినవాడు. తప్పుగా అనుకోకండి, తానులు విప్పినవాడు. నైలాను, టెరికాటు, పాలిస్టరు, ఏది విప్పినా “ఉతికితే రంగు పోదక్కా, ప్రాణం పోతుందేమో గానీ” అని ప్రమాణం చేసి అమ్మేవాడు. పోయిన కార్తీకంలో అదే ప్రమాణం చేసి, దాసరయ్య గురుస్వామి బృందం మొత్తానికి అయ్యప్ప మాల కోసం నల్లబట్టలు అమ్మాడు.

స్వాములు తెల్లారకముందే చన్నీళ్ళు పోసుకుంటారు. తడి ఒంటికి కొత్త బట్ట తగిలింది. బట్ట రోజురోజుకూ తెల్లబడుతూ వచ్చింది, స్వాములు రోజురోజుకూ నల్లబడుతూ వచ్చారు. మాల తీసే నాటికి నలుపంతా భక్తుల్లోకి దిగింది. దురద కొసరు. కొండకు పోయి వచ్చిన దాసరయ్య నేరుగా నంద్యాల దుకాణానికి వచ్చి, పరుపు మీద కూర్చున్న ఓబులేసు ముందు చొక్కా గుండీలు విప్పాడు.

“చూడప్పా. నేను చెక్కే నల్లరాయికీ నాకూ ఏమన్నా తేడా ఉందా? నిన్న నా పెండ్లాము నాకు దండం పెట్టి పోయె. ముప్పయ్యేండ్ల కాపురంలో ఇదే మొదుటిసారి.”

దుకాణమంతా నవ్వింది. ఓబులేసు మాత్రం నవ్వలేదు. ఇరవై ఏళ్ళుగా తాను అమ్మింది గుడ్డా, గుడ్డి నమ్మకమా అని ఆ రాత్రి భార్యను అడిగాడు. “రెండూ మీటరు లెక్కనే అమ్మితివి గదా” అంది సుంకమ్మ.

అక్కడ మొదలైంది. శ్రీకాళహస్తిలో కలంకారీ పనిచేసే బంధువు దగ్గర కొన్నాళ్ళుండి చెట్టు రంగులు నేర్చుకున్నాడు. ఉద్యోగం మానేశాడు. బనగానపల్లె వైపు మగ్గాల వాళ్ళ దగ్గర సున్నం, బ్లీచింగు తగలని చేనేత గుడ్డ తీసుకున్నాడు. నల్లమలలో చెంచులు ఏరి తెచ్చే కరక్కాయ తెచ్చాడు. కరక్కాయ నీళ్ళలో నానేస్తే గుడ్డ లేత పసుపుగా మారుతుంది. ఆ పసుపు గుడ్డను తుప్పునీళ్ళలో ముంచితే నల్లబడుతుంది. “కరక్కాయ పడకపోతే కరెక్టుగా పడదు” అని వచ్చినవాళ్ళందరికీ చెప్పేవాడు. ఎవరూ నవ్వకపోతే రెండోసారి చెప్పేవాడు.

తుప్పునీళ్ళ తయారీలోనే ఉంది అసలు పితలాటకం. పాత మేకులు, విరిగిన కొడవళ్ళు, గుర్రపు నాడాలు కుండలో వేసి, బెల్లం నీళ్ళు పోసి, మూతికి గుడ్డ కట్టి, వారాల తరబడి పులియనివ్వాలి. బుడగలొస్తాయి. నురగ కడుతుంది. వాసన... ఆ వాసన గురించి తాగుడు మానినవాళ్ళని అడగాలి.

పేరు “నల్లమల” అని పెట్టాడు. “నలుపూ ఉంది, మలా ఉంది. మాల ఏసుకునేటోళ్ళు దీర్ఘం వాళ్ళే తెచ్చుకుంటారు” అనేవాడు. కుట్టడానికి పాత స్నేహితుడు సైదా సాహెబ్ మిషను సిద్ధం చేసుకున్నాడు. కత్తిరింపుల్లో మిగిలిన ముక్క కూడా పారేయకూడదని నియమం. ముక్కలన్నీ కలిపి ఇరుముడి సంచులు కుట్టాలి.

“అంతా బాగుందప్పా” అన్నాడు సైదా సాహెబ్, కాలరు లోపల కుట్టాల్సిన పేరు చూసి. “నల్ల గుడ్డ మీద నల్ల దారంతో ‘నల్లమల’ అని కుట్టమంటావు. కనపడేదెట్ల?”

“మనది మెడ కింద దాక్కునే పేరు సాహెబన్నా. కనపడితేంది, కనపడకపోతేంది?”

“మంచి బ్రాండు పెడితివి. కొన్నోడికీ తెలీదు, కుట్టినోడికీ తెలీదు.”

ఇదంతా వినడానికి నవ్వుగానే ఉంటుంది గానీ, ఓబులేసు మాత్రం రోజుకు పదిసార్లు కుండల మూతిగుడ్డలు విప్పి చూస్తున్నాడు. దాసరయ్య గురుస్వామి ఒక మాటిచ్చాడు: ఈసారి రంగు దిగని, దురద పుట్టని నలుపు తెస్తే, కార్తీకం మొదటి రోజున బృందమంతా అదే వేసుకుని మాల ధరిస్తుంది. ఆళ్ళగడ్డలో ఆయన బృందం వేసుకుంటే చుట్టుపక్కల ఊళ్ళన్నీ వేసుకుంటాయి. ఆయన కాదంటే ఇంకెవరూ ముట్టరు. కుండలు ఇప్పుడే పక్వానికొస్తున్నాయి. ఇవి పోతే మళ్ళీ ఊరేసేందుకు కార్తీకం ఆగదు. పాత దుకాణం యజమాని కనపడ్డప్పుడల్లా “నీ పరుపు ఇంకా ఖాళీగానే ఉందప్పా” అంటున్నాడు. అది సానుభూతో, ఎత్తిపొడుపో ఓబులేసుకు అర్థం కాదు. అర్థమైనా ఆ పరుపు మీద మళ్ళీ కూర్చోవడం కంటే పాడె మీద పడుకోవడం నయమనిపిస్తుంది.

అలాంటి సమయంలో వీధిలోకి బ్రాందీ వాసన పాకింది.

మొదట వచ్చినవాడు మూడిళ్ళ అవతలి ఓబయ్య. నిషేధం వచ్చిన నాటి నుంచి మనిషి సగమయ్యాడు. మిగతా సగం కర్ణాటక సరిహద్దులో ఉందని అతని భార్య చెబుతుంటుంది. తువ్వాలు కింద స్టీలు గ్లాసు దాచుకుని పెరటి గేటు దగ్గర నిలబడ్డాడు.

“ఓబులేసన్నా, పేరు గలిసినోళ్ళం. ఒక్క గుక్క.”

“అది తాగేది గాదురా. రంగు.”

“రంగైతే ఏంది, నేనేమన్నా చూసి తాగుతానా? కండ్లు మూసుకుంటా.”

“తుప్పురా! ఇనుప తుప్పు!”

“ఒంట్లో ఐరన్ తక్కువుందని డాక్టరమ్మ గూడా చెప్పింది గదన్నా!”

ఓబులేసు గేటు మూసేశాడు. ఓబయ్య గ్లాసులోకి చూసుకున్నాడు. ఖాళీగా ఉంది. ఖాళీ గ్లాసు మనిషిని ఎంత దూరమైనా నడిపిస్తుంది. ఓబయ్యను ఎక్సైజ్ ఎస్సై దాకా నడిపించింది. “పొయ్యనోడు పోలీసులకు పోస్తాడు” అని తనలో తాను నవ్వుకుంటూ వెళ్ళి చెప్పొచ్చాడు.

మర్నాడు పొద్దెక్కాక వీధి మొగదల్లో జీపు ఆగింది. ఎస్సై దిగాడు, వెనక కానిస్టేబులు దిగాడు. ఆ కానిస్టేబులు వాసన చూసి కాచిన ఊరు చెబుతాడని, రుచి చూసి కాచినవాడి పేరు కూడా చెబుతాడని డిపార్టుమెంటులో పేరు. ఎప్పుడూ దవడలో వక్క ఉంటుంది. “ఒక రుచికీ ఇంకో రుచికీ మధ్యన నోరు కడుక్కున్నట్టుంటాది సార్” అంటాడు. వాళ్ళ వెనకాల వీధి మొత్తం వచ్చింది. ఖాళీ చేతులతో వచ్చినవాళ్ళు తక్కువ. పంచుతారేమోనన్న ఆశ ఎవరికుండదు?

వాళ్ళందరినీ తోసుకుంటూ, ఆళ్ళగడ్డ బస్సు దిగిన దాసరయ్య గురుస్వామి కూడా వచ్చాడు. తెల్ల పంచె మోకాళ్ళ దాకా ఎగ్గట్టి, ముఖం రాయి చేసుకుని ఉన్నాడు.

“ఓబులేసూ, బస్సులో కండక్టరు చెప్పె. సారాయి కుండలో ముంచిన గుడ్డ నా సాముల ఒంటి మీద ఎయ్యాలనుకుంటివా?”

“సామీ, అది...”

“నువ్వుండు సామీ” అని ఎస్సై ఓబులేసు వైపు తిరిగాడు. “ముందు నాకు చెప్పు. ఏందిది?”

“సార్... సారా కాదు సార్.”

“బెల్లం ఉందా?”

“ఉంది సార్.”

“పులిసిందా?”

“పులిసింది సార్.”

“నురగ?”

“అదీ ఉంది సార్.”

“మరి ఇంగేం గావాల్నయ్యా సారా కాను? మూత తీసి దండం పెట్టాల్నా?”

ఓబులేసు బెల్లం కొట్టిన రాయిలా నిలబడ్డాడు. ఇన్నాళ్ళకు ఆ మాట అక్షరాలా అతనికి సరిపోయింది. చివరికి “దాంట్లో తుప్పు సార్” అన్నాడు.

“తుప్పా? నీ తుప్పు నేనొదిలిస్తా ఉండు.”

“వొదిలించొద్దు సార్, ఆ తుప్పే మా పెట్టుబడి!”

జనం గొల్లుమన్నారు. ఎస్సైకి అది వెక్కిరింతలా వినిపించింది. “కుండ బద్దలు కొట్టినట్టు నిజం చెప్పు” అన్నాడు. ఓబులేసు మళ్ళీ “రంగు సార్” అన్నాడు. ఎస్సై లాఠీతో మొదటి కుండను నిజంగానే బద్దలు కొట్టాడు. వారాల నలుపు పెరటి మట్టిలోకి ఇంకిపోయింది. పాత మేకులు, గుర్రపు నాడాలు బయటపడి, తడిగా ఎండలో మెరిశాయి. ఓబులేసు నేల మీద కూర్చుండిపోయాడు. సుంకమ్మ మిగతా రెండు కుండలకు అడ్డంగా చేతులు చాపి నిలబడింది.

“మిగిలినయి కొట్టేముందు రుచన్నా చూడండి సార్! మీ మనిషి రుచి చూసి చెప్తాడంట గదా!”

ఎస్సైకి అది న్యాయంగానే తోచింది. మేకులు చూశాక అతనికీ ఎక్కడో అనుమానం మొదలైంది. సారాలో ఎవరైనా గుర్రపు నాడా వేస్తారా? కానిస్టేబులును సైగ చేశాడు. కానిస్టేబులు వక్కను ఒక దవడ నుంచి ఇంకో దవడకు మార్చి, రెండో కుండలో రెండు వేళ్ళు ముంచి, కళ్ళు మూసుకుని, సంగీతం వినే రసికుడిలా నాలుక మీద రాసుకున్నాడు. చప్పరించాడు. ముఖం చిట్లించాడు.

“ఎట్లుంది?”

కానిస్టేబులు నోరు తెరిచాడు. నాలుక నల్లగా ఉంది. పళ్ళు నల్లగా ఉన్నాయి. పెదాలు, చిగుళ్ళు, నోరంతా కాటుక పూసినట్టు ఉంది. లోపల చిమ్మచీకటి.

“ఓరి నాయనో, ఇషం!” అని మొదట అరిచినవాడు ఓబయ్యే. నిన్న తాను తాగబోయింది గుర్తొచ్చి అక్కడే కూలబడ్డాడు. జనం వెనక్కి తగ్గారు. ఆదిలక్ష్మమ్మ “అల్లుడు పోలీసును సంపెనమ్మో” అని గుండె బాదుకుంది. దాసరయ్య శరణాలు మొదలుపెట్టాడు. కానిస్టేబులు వేలితో నాలుక తడిమి, ఆ వేలు చూసుకుని, “సార్... ఇంట్లో చెప్పండి సార్” అన్నాడు.

బ్రాండు పోయి బ్రాందీ అయింది, బ్రాందీ పోయి హత్య అయింది. ఈ లెక్కన పాత పరుపు కాదు, జైలు చాపే గతి. కానీ ఓబులేసు కళ్ళు మాత్రం ఇరవై ఏళ్ళ అలవాటు కొద్దీ రంగునే చూస్తున్నాయి. నలుపు అన్నిచోట్లా ఒకలా లేదు. కుడి దవడ వైపు చిక్కగా ఉంది. పెదవి మీద అంటుకున్న చిన్న ముక్క అయితే బొగ్గులా ఉంది.

“నోట్లో ఏముంది సార్?” అన్నాడు లేచి.

“వక్క” అన్నాడు కానిస్టేబులు, చివరి మాట చెబుతున్నవాడిలా.

“వక్క వగరే గదా! కరక్కాయ గూడా వగరే!”

ఎవరికీ ఏమీ అర్థం కాలేదు. ఓబులేసు తీగ మీద ఆరేసిన లేత పసుపు గుడ్డ ఒకటి లాక్కొచ్చి, ఎస్సై చేతికిచ్చాడు. “ఇది కరక్కాయలో నానిన గుడ్డ సార్. మీరే ముంచండి.”

ఎస్సై గుడ్డ కొసను కుండలో ముంచి ఎత్తాడు. పసుపు కొస ఆయన చూస్తుండగానే బూడిదరంగైంది, ఊపిరి తీసుకునేలోగా కాటుకైంది. గుడ్డ నల్లబోయింది, ఎస్సై తెల్లబోయాడు.

సుంకమ్మ అప్పటికే ఇంట్లోంచి నిమ్మకాయ చెక్క తెచ్చి కానిస్టేబులు చేతిలో పెట్టింది. “నాలిక్కి బాగా రుద్దుకోన్నా. నా చేతులకు రోజూ ఇదే మందు.” కానిస్టేబులు రుద్దుకున్నాడు. నలుపు కరిగి, కింద ఎర్రటి నాలుక బయటపడింది. పోయిన ప్రాణం పులుపు రూపంలో వెనక్కొచ్చింది. జనం చప్పట్లు కొట్టారు.

“సారా కాదు సార్” అన్నాడు కానిస్టేబులు, ఇప్పుడు నిపుణుడి గొంతుతో. “సారా ఇంత దరిద్రంగా ఉండదు.”

దాసరయ్య మాత్రం కదల్లేదు. “అది సరే. కానీ బెల్లం పులిసిన నీళ్ళేగదప్పా. పులిసింది తగిలిన గుడ్డ మాలలో ఎట్ల కడ్తారు?”

ఇదొక్కటే అసలు ప్రశ్న, మిగతాదంతా జాతర. “సామీ, మాలలో ఉండి రాత్రిపూట ఏం తింటారు?”

“ఇడ్లీ.”

“పిండి పులియకుండానే పొంగుతాదా?”

దాసరయ్య ఆలోచించాడు. రాయిని చూసి లోపల విగ్రహం ఉందో లేదో చెప్పే మనిషి, తొందరపడడు. బకెట్టు నీళ్ళు తెప్పించాడు. ముందురోజు ఓబులేసు పరీక్షకని ముంచి, ఉతికి ఆరేసిన నల్లగుడ్డ ఒకటి తీసి నీళ్ళలో పిసికాడు. దాన్ని గట్టిగా పిండేసి, తన తెల్ల పంచె కొసకేసి రుద్దాడు. ఎత్తి చూశాడు. పంచె తెల్లగానే ఉంది. మళ్ళీ రుద్దాడు. గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకున్నాడు, మెడకు రుద్దుకున్నాడు, దురద కోసం కాసేపు ఎదురుచూశాడు. రాలేదు.

“చెప్పప్పా అందరికీ” అన్నాడు. “నాకొక్కనికి చెప్తే సాలదు. బస్సంతా ఇన్నది.”

ఓబులేసు రుబ్బురోలు ఎక్కి నిలబడ్డాడు. ఫోనులో అరిచినంత గొంతుతోనే చెప్పాడు. కుండల్లో ఉన్నది తుప్పు, బెల్లం. తుప్పుకు వగరు తగిలితే నలుపవుతుంది. గుడ్డలోని కరక్కాయకు తగిలింది, కానిస్టేబులన్న నోట్లోని వక్కకూ తగిలింది. తాను ఫోనులో అన్నది బ్రాండు, అంటే మన బట్టకు మనం పెట్టుకున్న పేరు. అత్తకు బ్రాందీ అని వినపడింది. తప్పు అత్తది కాదు, అద్దం తలుపుది.

“పేరా?” అంది ఆదిలక్ష్మమ్మ. “పేరు పెట్టేదానికి అంత అరుపెందుకప్పా? బారసాలకు గూడా ఎవురూ అంత అరవరు.”

ఓబయ్య లేచి దుమ్ము దులుపుకున్నాడు. “అయితే తాగేది యాడా లేదంటావు?” అన్నాడు. లేదన్నాక గ్లాసులన్నీ తువ్వాళ్ళ కిందికి పోయాయి, వీధి క్షణాల్లో ఖాళీ అయింది. ఎస్సై వెళుతూ వెళుతూ ఆగి, “ఈసారి ఊరేసేముందు ఒక మాట చెప్పి ఊరెయ్” అన్నాడు. విరిగిన కుండ వైపు ఒకసారి చూసి, టోపీ సర్దుకుని పోయాడు.

“రెండు కుండలే మిగిలె సామీ” అన్నాడు ఓబులేసు. “అందరికీ రాదు.”

“ఎంతమందికొస్తే అంతమందికి. ముందు కన్నెసాములకు కుట్టు. ముసిలోళ్ళం మేము పోయినేటి బట్టలే కట్టుకుంటాం. వాటిల్లో దిగేదానికి రంగు మిగల్లేదు గదా.” అని రెండడుగులు వేసి, వెనక్కి తిరిగాడు. “ఒక్క చొక్కా మాత్రం నాకు గావాల. బస్సులో ఎక్కి కండక్టరుకు చూపియ్యాల.”

గోడవతల నుంచి అంతా వింటున్న సైదా సాహెబ్ టేపు మెడలో వేసుకుని వచ్చాడు. పెరటి మధ్యలో, నల్లబడిన మట్టి మీద గురుస్వామిని నిలబెట్టి, ఛాతీ చుట్టూ టేపు తిప్పాడు. దాసరయ్య ఊపిరి బిగబట్టి పొట్ట లోపలికి లాక్కున్నాడు.

“ఒదలండి సామీ, ఒదలండి. ఎంతసేపని లోపల పెట్టుకుంటారు? చొక్కా ఏసుకున్నాక ఎట్లాగూ ఒదుల్తారు గదా.”

దాసరయ్య వదిలాడు. సైదా సాహెబ్ టేపు కూడా నాలుగు వేళ్ళు వదిలాడు.